నీలం రావద్దని మొక్కుకున్న మధ్యాహ్నం

అది 2007 వేసవి. భద్రాచలంలో ఒక చిన్న ఫార్మసీ కాలేజీ, దాని పై అంతస్తులో రెండు గదుల పరిశోధనశాల. అందులో నేను ప్రాజెక్ట్ అసిస్టెంటుని. ఆ ఉద్యోగానికి అర్థం ఏమిటంటే, గాజుసామాను కడగాలి, ప్లేట్లలో ద్రవాలు పొయ్యాలి, జనరేటర్‌లో డీజిల్ ఉందో లేదో చూడాలి, సార్‌కి కోపం వచ్చినప్పుడు అందుబాటులో ఉండాలి. నాలుగో పని నేను బాగా చేసేవాణ్ణని అందరూ ఒప్పుకునేవారు.

మా పని వినడానికి పెద్దగా ఉంటుంది. అడవి పల్లెల్లో కీళ్ల నొప్పులకు వాడే బెరళ్లు, వేళ్లు తెచ్చి, వాటి సారం తీసి, ఒక ఎంజైము మీద పరీక్షించడం. ఆ ఎంజైము పేరు ఎల్‌సీకే. మన రక్తంలో టీ సెల్స్ అనే రక్షక కణాలుంటాయి. బయట శత్రువు కనబడిందన్న కబురు కణం గోడ దగ్గరికి వస్తే, దాన్ని లోపలికి అందించే మొదటి చేతుల్లో ఎల్‌సీకే ఒకటి. ఒక ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ ముక్కను అతికించి, అదే కబురుగా ముందుకు పంపుతుంది. ఇలా అతికించే ఎంజైములను కైనేజ్‌లంటారు. కొందరి ఒంట్లో శత్రువు లేకపోయినా ఈ కబుర్లు ఆగవు. కణాలు వెళ్లి సొంత కీళ్ల మీదే పడతాయి. ఎల్‌సీకేని కాస్త నెమ్మదింపజేసే పదార్థం దొరికితే, అది మందుకు దారి కావచ్చు. ఈ ‘కావచ్చు’ మీదనే మా జీతాలు నడిచేవి.

మేం వాడింది రీకాంబినెంట్ రకం. అంటే మనిషి జన్యువును పురుగు కణాల్లో పెట్టి, వాటితో తయారు చేయించిన మనిషి ఎంజైము. సముద్రాలు దాటి హైదరాబాద్‌కి వచ్చి, అక్కడి నుంచి డ్రై ఐస్ నింపిన థర్మకోల్ పెట్టెలో, నా ఒళ్లో కూర్చుని బస్సులో భద్రాచలం చేరింది. కండక్టర్ దానికి లగేజీ టికెట్ కొట్టాడు. సీసా కంటికి ఆనదు. దాని మీద ‘పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు’ అని రాసి ఉంది. మనిషిదే, కానీ మనిషికి పనికిరాదు. నాకు చాలా దగ్గరగా అనిపించింది.

దాన్ని మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌లో దాచాలి. ఒకసారి కరిగిందంటే ఆ పూటే వాడెయ్యాలి. మళ్లీ గడ్డకట్టిస్తే సగం ప్రాణం పోతుంది. అందుకే రాగానే చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచి పెట్టుకున్నాం. ఒక ప్రయోగానికి ఒక ట్యూబ్.

పరీక్ష తీరు చెబుతాను, తర్వాత జరిగిందంతా దాని మీదనే ఆధారపడి ఉంది. ప్లాస్టిక్ ప్లేట్‌లో చిన్న గుంతలుంటాయి. వాటిలో ఎంజైము, దానికి కావలసిన మేత, బెరడు సారం వేస్తాం. ఎంజైము తన పని తాను చేసుకుంటే, ఆఖరున పోసే ద్రవం నీలంగా మారుతుంది. బెరడు దాన్ని ఆపగలిగితే గుంత రంగు లేకుండా మిగిలిపోతుంది. అంటే మా ల్యాబులో ఏమీ జరగని రోజే పండగ.

ఆ పండగ కోసం చాలా కాలం ఎదురుచూసిన మనిషి రజితక్క. ఇల్లందు వైపు బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన కార్మికుడి కూతురు. మా సార్ దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. తెచ్చిన ప్రతి బెరడూ నీలమే. వేళ్లు నీలం, ఆకులు నీలం. ఆమె ఫెలోషిప్ గడువు ఆ ఏడాదితో సరి. థీసిస్‌లో చెప్పుకోవడానికి ఒక్క మంచి ఫలితం లేదు. అలాంటప్పుడు చర్ల అవతలి ఒక గూడెం నుంచి సోమిద అనే అడవి చెట్టు బెరడు వచ్చింది. కాలేజీలో అటెండర్‌గా ఉన్న నాగేశ్ వాళ్ల అత్త పంపింది. ఆకులు చూసి సోమిదే అని తేల్చారు. బెరళ్లలో టానిన్లుంటాయి, అవి ఏ ప్రోటీన్‌నైనా జిగురులా పట్టేసి మోసం చేస్తాయి. అందుకే రజితక్క ముందు వాటిని తీసేసి పరీక్ష పెట్టింది. గుంత తెల్లగా ఉండిపోయింది. మళ్లీ పెట్టింది. మళ్లీ తెల్లగానే. సార్ ఆ రోజు నన్ను తిట్టలేదు. విషయం పెద్దదేనని అప్పుడు అర్థమైంది.

విద్యాసాగర్ సార్ వెంటనే హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీకి రాశారు. వాళ్ల పరిశోధన విభాగం నుంచి మూర్తిగారనే ఆయన స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. ఆయనకు నచ్చితే ల్యాబ్ ఇంకొన్నేళ్లు నడుస్తుంది, రజితక్క థీసిస్‌కి ఒక గుండెకాయ దొరుకుతుంది. నచ్చకపోతే ప్రాజెక్టుతో పాటు ల్యాబుకూ తాళం. అప్పటికి ఎంజైము ఒకే ఒక్క ట్యూబ్ మిగిలింది. కొత్తది తెప్పించాలంటే అనుమతులు, కస్టమ్స్ దాటి వచ్చేసరికి ఫెలోషిప్ అయిపోతుంది. బెరడు కూడా అయిపోవచ్చింది. అది తేవడానికి నన్ను పంపారు.

పోలీసు క్యాంపు దగ్గర నా సంచి విప్పి చూసి, అందులో రెండు అరటిపళ్లు తప్ప ఏమీ లేవని వాళ్లే నిరాశపడి వదిలేశారు. నాగేశ్ అత్త పేరు సమ్మక్క. గట్టి మనిషి. కొడవలి, చిన్న ఇత్తడి గిన్నె పట్టుకుని నన్ను అడవిలోకి నడిపించింది. సోమిద చెట్టు దగ్గర నా చెప్పులు విడిపించింది. గిన్నెలో కలిపి తెచ్చిన పసుపు ముద్దను మొదలుకు దండిగా పూసింది. తర్వాత బెరడు చెక్కింది. చెక్కిన చోట మళ్లీ పసుపు. ఇంటికొచ్చాక ఇంకో పెద్ద బేసిన్‌లో పసుపు నీళ్లు కలిపి, బెరడు ముక్కలను అందులో వేసి, పసిపిల్లకు స్నానం చేయించినట్టు ఒక్కోటీ రుద్దడం మొదలుపెట్టింది.

“గిదేందవ్వా, బెరడుకు నలుగు పెడుతున్నవ్?” అన్నాను.

“ఊకెనే కోసుకపోతరా కొడకా? దానికి దెబ్బ తగిలింది గద. దెబ్బకు పసుపు పెట్టమా?”

“చెట్టుకు పెట్టినవ్, మంచిదే. కోసిన ముక్కకు ఎందుకు?”

“ముక్క మటుకు దాని ఒళ్లు గాదా? మా అత్త గిట్లనే చేసేది, మా ఇంట్ల గిట్లనే. నీకెందుకు, నువ్వు నీళ్లు తాగు.”

నీళ్లు తాగుతుండగా నాకు పొలమారింది. “అవ్వా, పోయినసారి పంపిన బెరడు గూడ గిట్లనే కడిగినవా?”

“అవ్. మీరు సదువుకున్నోళ్లు గద. మీకని ఇంకో పిడికెడు ఎక్కువేసిన.”

మా మీద గౌరవం అంత ఖరీదు కావడం అదే మొదటిసారి.

ఎందుకు పొలమారిందో చెప్పాలి. పసుపులో కర్క్యుమిన్ అనే పదార్థం ఉంటుంది. గాజుపాత్రలో అది ఎన్నో ఎంజైములను ఆపేస్తుంది. ఒకదాన్ని ఆపిందంటే సంతోషించవచ్చు. కనబడినవన్నీ ఆపుతుంటే దాని మాట ఎవరూ నమ్మరు. ఈ రంగంలో ఉన్నవాళ్లకు పసుపు అంటే అన్ని కేసుల్లోనూ సాక్ష్యం చెప్పే మనిషి లాంటిది. మా గుంతలు తెల్లగా మిగిలింది సోమిద వల్లనా, సమ్మక్క పిడికిలి వల్లనా? బెరడు సారం ముదురు ఎరుపు. అందులో పసుపు కలిసినా కంటికి తెలియదు. బెరడు ఎవరు తెచ్చారో రాసుకున్నాం, ఏ చెట్టుదో తేల్చుకున్నాం. దాన్ని కోసేటప్పుడు ఏం చేశారని మాత్రం ఎవరమూ అడగలేదు.

“ఒక్క ముక్క కడగకుండ ఇయ్యవ్వా,” అని అడిగాను.

“ఇయ్య. పసుపు లేకుండ ఇస్తే ఇంటికి మంచిగాదు.”

“చెట్టుకు పెట్టినవ్ గద?”

“చెట్టు లెక్క చెట్టుది, ముక్క లెక్క ముక్కది.”

చాలాసేపు బేరమాడాం. నాలుగు ప్రాణుల సాక్షిగా, అంటే మూడు కోళ్లు, ఒక మేక, చివరికి ఒప్పందం కుదిరింది. ముక్కకు పెట్టాల్సిన పసుపు దాన్ని తీసుకుపోయేవాడికి పెడుతుంది. చేతులు మాత్రం వద్దని కాళ్లావేళ్లా పడ్డాను, ఆ చేతులతోనే బెరడు పట్టుకోవాలి. ఆమె నా పాదాలకు చీలమండల దాకా పూసింది. తర్వాత ఇద్దరం చేతులు, కొడవలి బాగా కడిగి, మళ్లీ అడవికి వెళ్లి, చెట్టుకు పైకొమ్మ మీద, పసుపు తగలని చోట మళ్లీ చెక్కించిన ముక్కలను టేకాకులో చుట్టి తీసుకున్నాను. బస్సులో పక్క సీటాయన నా కాళ్లు చూసి, “పెండ్లి పిల్లగానివా? ఒక్కనివే వోతున్నవేంది?” అన్నాడు. కళాకాంతులు లేని నా మొహం చూసి పిల్ల పారిపోయిందనుకున్నాడో ఏమో, ఇంకేమీ అడగకుండా తన పల్లీ పొట్లం నా చేతిలో పెట్టాడు.

ల్యాబులో రజితక్క నా మాట వింటూ కాళ్లవైపే చూసింది. నవ్వలేదు. పాత సారంలో చుక్క, వంటింటి పసుపు సారంలో చుక్క టీఎల్‌సీ పలక మీద పెట్టింది. ఏ ద్రవంలో ఏమేం కలిసి ఉన్నాయో విడదీసి చూపే పలక అది. అతినీలలోహిత దీపం కింద పెడితే రెండు వరసల్లోనూ పసుపు మచ్చలు ఒకే ఎత్తున మెరిశాయి. కవలపిల్లల్లా.

“అయితే గిప్పుడు పసుపు ఉన్నదని తెలిసింది,” అంది. “బెరడు గూడ పనిచేస్తదా లేదా అన్నది తెల్వలే.”

“ట్యూబ్ ఒక్కటే ఉన్నది అక్కా.”

“నాకు తెల్వదా?”

విద్యాసాగర్ సార్ చెడ్డవాడు కాదు. ఆయనకు ముగ్గురు మనుషుల ఉద్యోగాలు కళ్ల ముందున్నాయి. కిటికీలోంచి చూస్తూ, “మూర్తిగారి ముందు పాత సారమే పెడదాం. అబద్ధం కాదు గద. ఎంజైము ఆగేది నిజమే గద,” అన్నారు.

“ఆగుతది సార్. అండ్ల పసుపున్నదని మనకు తెల్సు.”

“రజితా, అది నీ థీసిస్.”

“అవ్ సార్. నా పేరే ఉంటది దాని మీద.”

ఇలాంటప్పుడు ఏదో ఒకటి అనడం నా అలవాటు. “సార్, నా పేరు కృతజ్ఞతల్లో చిన్నగ ఉంటది. నేనైతే ఏదన్నా ఒప్పుకుంట,” అన్నాను. ఇద్దరూ నవ్వలేదు గానీ, సార్ కుర్చీలో కూర్చున్నారు. “సరే, కొత్తదే పెట్టు. పక్కన పాతది గూడ పెట్టు. ఏదైతే అదైతది,” అన్నారు.

కొత్త బెరడు ఎండబెట్టి, దంచి, సారం తీసి, టానిన్లు వదిలించాం. మూర్తిగారు చెప్పిన రోజున ఉదయమే రామాలయంలో దర్శనం చేసుకుని, నుదుట బొట్టుతో, చేతిలో ప్రసాదం పొట్లంతో వచ్చాడు. పెద్దమనిషి. ఆయన కుర్చీలో సర్దుకోకముందే రజితక్క చెప్పేసింది.

“సార్, మేం మీకు పంపిన రిజల్ట్‌ల పసుపు కలిసింది. ఇవాళ కలవని బెరడు పెడుతున్నం. ఏం వస్తదో మాకు తెల్వదు.”

“తెలియకుండానే నన్ను ఇంత దూరం పిలిచారా అమ్మా?”

“తెలిస్తే ప్రయోగం ఎందుకు సార్, శాలువా కప్పి పంపేటోళ్లం,” అన్నాను. సార్ చూపులోనే నాకు ఆ నెల జీతం ముట్టింది.

ట్యూబ్ బయటికి తీశాం. ఐసు గిన్నెలో పెట్టి మెల్లగా కరిగించాం. గుంతలు పంచుకున్నాం. మొదటి గుంతలో ఏ సారమూ లేకుండా ఎంజైము, దాని మేత మాత్రమే, అది బతికి ఉందో లేదో చెప్పడానికి. రెండో దాంట్లో పాత సారం. మూడో దాంట్లో కొత్త సారం. నాలుగో దాంట్లో ఉత్త పసుపు. ఎంజైము పోసి, ప్లేట్‌ను ముప్ఫై డిగ్రీల దగ్గర అరగంట ఉంచాలి. అప్పుడు కరెంటు పోయింది.

జనరేటర్ తాడు లాగాను. అది దగ్గింది. మళ్లీ లాగాను. నల్లపొగ ఒకటి వదిలి శాశ్వతంగా విశ్రమించింది. మే నెల భద్రాచలంలో ముప్ఫై డిగ్రీలంటే వేడి చెయ్యడం కాదు, చల్లబరచడం. పై అంతస్తు, పైన ఎండకు కాలిన స్లాబు. గదిలో వేడి నలభై దాటుతోంది. ఆ వేడికి ఎంజైము ముడుచుకుపోతుంది. కరిగిపోయింది కాబట్టి వెనక్కి పెట్టడానికి లేదు. రజితక్క ప్లేట్‌ను ఒక ట్రేలో నీళ్ల మీద తేలేట్టు పెట్టి, నీళ్లలో థర్మామీటర్ ముంచి, గిన్నెలో మిగిలిన ఐసు ముక్కను అందులో వేసింది.

“శ్రీనూ, ఐసు! జల్దీ!”

గోదావరి కరకట్ట దగ్గర చేపలమ్మే యాదమ్మ దగ్గరికి పరుగెత్తాను.

“ఐసు నీకిస్తే నా చేపలేం గావాలె?”

“అక్కా, మాదాంట్ల గూడ ఒక ప్రాణమున్నది.”

“ఏం చేప?”

“మనిషిది.”

ఆమె నన్నొకసారి ఎగాదిగా చూసి, వాదించడం దండగనుకుని సగం దిమ్మ కొట్టిచ్చింది. తీసుకొచ్చేసరికి చొక్కా అంతా బొచ్చె చేప వాసన. మూర్తిగారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

రజితక్క ట్రే ముందు వంగి నిలబడింది. థర్మామీటర్ ముప్ఫై దాటితే ఒక ముక్క. కిందికి పోతే ఆగడం. మళ్లీ దాటితే ఇంకో ముక్క. చెమట ఆమె గడ్డం మీదుగా జారుతుంటే మోచేత్తో తుడుచుకుంటోంది, చుక్క ప్లేట్‌లో పడకుండా. సార్ మూర్తిగారికి పర్ణశాల విశేషాలు చెబుతున్నారు. ఆయన వింటున్నట్టు తలూపుతున్నాడు. ఇద్దరి కళ్లూ ట్రే మీదే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే నాకో ఆలోచన వచ్చింది. ఈ వేడికి ఎంజైము చచ్చిపోతే? మొదటి గుంతలో కూడా రంగు రాదు. అప్పుడు ఏదీ రుజువు కాదు. సోమిద పనిచేస్తుందనీ లేదు, చెయ్యదనీ లేదు. నెపం కరెంటు మీద వేసి, మూర్తిగారికి భోజనం పెట్టి, ఇంకోసారి రమ్మని చెప్పొచ్చు. గడువు పెంచమని అడగొచ్చు. ఎంత అందమైన దారి! ఐసు మోసుకొచ్చిన చేతులతోనే, అది పోవాలని రాముడికి మనసులో మొక్కుకున్నాను. సార్ వైపు చూశాను. ఆయన పర్ణశాల మధ్యలో ఆగిపోయి గోడవైపు చూస్తున్నారు. ఆయన మొక్కూ అదే అనిపించింది. ఇద్దరి మొక్కులూ ఒకేసారి చేరితే పైన కాస్త గందరగోళం కూడా అయి ఉంటుంది.

రజితక్క ఇంకో ముక్క వేసింది.

అరగంట అయ్యాక కడగడాలు, పోయడాలు మిగిలిన వరస అంతా నడిచింది. ఆఖరు ద్రవం పోసింది. చదివే యంత్రానికి కరెంటు లేదు. అవసరమూ లేదు, కళ్లున్నాయి. నలుగురం ప్లేట్ మీద తలలు వంచాం.

మొదటి గుంతలో ఏమీ లేదు. నా గుండె తేలికపడబోయింది. అంతలో అడుగున పొగలాగా లేత నీలం. చూస్తుండగానే చిక్కబడింది. ఎంజైము బతికే ఉంది. రెండోది, నాలుగోది తెల్లగానే ఉన్నాయి. మూడోది కూడా తెల్లగా ఉంది. కాసేపు, నిజంగా కాసేపు, తెల్లగానే ఉంది. సార్ ఊపిరి పీల్చిన చప్పుడు నాకు వినబడింది. తర్వాత అక్కడా అడుగున అదే పొగ. మొదటి గుంతకూ మూడో గుంతకూ తేడా చెప్పలేనంత నీలం.

మూర్తిగారు రుమాలు జేబులో పెట్టుకున్నాడు. “అంటే బెరడులో ఏమీ లేదన్నమాట.”

“ఈ ఎంజైమును ఆపేది లేదు సార్,” అంది రజితక్క. “నొప్పి తగ్గిస్తదా లేదా అన్నది ఈ ప్లేట్ చెప్పలేదు.”

“పసుపు కోసం ఇంత దూరం రానక్కర్లేదమ్మా, మా వంటింట్లో ఉంది. ఇదేదో ఫోన్లో చెప్పేస్తే నాకు ప్రయాణం తప్పేది కదా?”

“ఫోన్ల చెప్పేదానికి మాకే తెల్వదు సార్. మీకెప్పుడు తెలిసిందో మాకూ అప్పుడే తెలిసింది.”

ఆయన ప్రసాదం పొట్లంలోంచి సగం తీసి ఆమె బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. కంపెనీ నుంచి తర్వాత ఏ ఉత్తరమూ రాలేదు. ప్రాజెక్టు గడువుతో ల్యాబు మూతపడింది. నేను హైదరాబాద్‌లో ఇంకో ల్యాబులో చేరాను. రజితక్క పాల్వంచలో జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతూ, ఫెలోషిప్ లేకుండానే థీసిస్ రాసింది. పసుపు ఎలా కలిసిందో, ఎలా పట్టుకున్నామో, మూడో గుంత ఎలా నీలమైందో ఒక అధ్యాయం. అనుకున్నదాని కంటే చాలా ఆలస్యంగా డాక్టరేట్ వచ్చింది. ఇప్పుడు ఎక్కడి నుంచి ఏ నమూనా వచ్చినా, తెచ్చినవాళ్లను నేను మొదట అడిగేది దాన్ని కోసే ముందు, కోసిన తర్వాత ఏం చేశారని. వాళ్లు నన్ను వింతగా చూస్తారు. ఒకాయన వేపనీళ్లలో కడిగానన్నాడు, ఇంకొకామె సాంబ్రాణి పొగ పట్టానంది. ఇద్దరూ మంచి మనసుతోనే చేశారు.

అసలు పాఠం మాత్రం అది కాదు. ఆ సాయంత్రం ట్రేలో నీళ్లు పారబోస్తూ రజితక్క అడిగింది: “నిజం చెప్పు శ్రీనూ. మొదటి గుంతల రంగు రావద్దని అనుకున్నవ్ గద?”

“అవ్ అక్కా. నీకెట్ల తెలిసింది?”

“నేను గూడ అనుకున్న.”

ఈ మాట చాలా కాలం నన్ను వదల్లేదు. నేను కోరుకున్నాను, అంతే. నా చేతిలో ఏమీ లేదు. ఆమె కోరిక నెరవేరడానికి దేవుడు అక్కర్లేదు. అరగంటలో ఏ రెండు మూడు నిమిషాలో చెయ్యి ఆగితే చాలు. సార్ అడ్డు చెప్పరు, మూర్తిగారికి తెలియదు, నేను మెచ్చుకునేవాణ్ణి కూడా. తన థీసిస్‌ను తీసుకుపోయే రంగు రావద్దని లోపల అనుకుంటూనే, ఆ రంగు రావడానికి కావలసిన ఐసు ముక్కను ఆమె ప్రతిసారీ సరైన సమయానికి వేసింది.